కోరంతాన్ రాసిన ఇంగ్లీషు బోర్డు

ఇరవయ్యారేళ్లు ఫ్రాన్సులోని బ్రిటనీ పల్లెల్లో బస్సు నడిపిన అర్మెల్ తాంగీ, ఆ పని మానేశాక రెదోన్‌లో కాలువ మీద పడవలు అద్దెకిచ్చే చోట చేరింది. వేసవిలో వచ్చేవాళ్లలో సగం మంది ఇంగ్లీషువాళ్లు. పడవ ఎలా నడపాలో వాళ్లకి చెప్పి మరీ అప్పగించాలి. అర్మెల్‌కి చెయ్యి తిరిగింది గానీ ఇంగ్లీషుకి నోరు తిరగదు. తన ఫ్రెంచిలో కారు నడిపినా, మోటారుసైకిలు నడిపినా, పడవ నడిపినా ఒక్క మాటతో పనైపోతుంది.

అక్కడి మెకానిక్ కోరంతాన్ రెండేళ్లు ఇంగ్లండులోని ప్లిమత్‌లో ఒక హోటల్లో గిన్నెలు కడిగాడు. వంటవాళ్లంతా ఫ్రెంచివాళ్లే అయినా, ఊరికి అతనే ఇంగ్లీషు పండితుడు. నడపడాన్ని ఇంగ్లీషులో ఏమనాలో అర్మెల్ వెళ్లి అతన్నే అడిగింది.

"దేనికైనా సరే 'రైడ్' అనెయ్, గొడవ వదిలిపోతుంది," అన్నాడు నవ్వు రాకుండా మొహం బిగబట్టుకుని.

మర్నాడు వినిఫ్రెడ్ అనే ఇంగ్లీషు ముసలావిడ పడవ కోసం వచ్చింది. తాను ఇరవయ్యారేళ్లు బస్సు 'రైడ్' చేశానని అర్మెల్ గర్వంగా చెప్పింది.

వినిఫ్రెడ్ కాఫీ కప్పు కింద పెట్టి, వచ్చీరాని ఫ్రెంచిలో జాలిగా అడిగింది. "ఇరవయ్యారేళ్లు ప్రయాణమా? పాపం, ఇంతకీ నువ్వు ఎక్కడికి వెళ్లాలమ్మా?"

ఇంజిన్ వెనక కోరంతాన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. అర్మెల్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ సాయంత్రం వినిఫ్రెడ్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "బస్సులో ఊరికే కూర్చుంటే రైడ్, స్టీరింగ్ పట్టుకుంటే డ్రైవ్. సైకిలు, గుర్రం లాంటివి కాళ్లు చెరోపక్క వేసి ఎక్కేవి, వాటిని నువ్వే నడిపినా రైడే. పడవని మలుపు తిప్పడం స్టీర్."

"మరి గాడిద?"

"ఎక్కితే రైడ్. వెనకనుంచి తోలితే డ్రైవ్."

"మనిషిని తోలితే?"

ముసలావిడ కళ్లు మెరిశాయి. "అదీ డ్రైవే. ఎవడైనా మనకి పిచ్చెక్కిస్తుంటే, 'రౌండ్ ద బెండ్', అంటే వంపు దాటేదాకా, డ్రైవ్ చేస్తున్నాడు అంటాం."

అర్మెల్ ఆ మాట రాసుకుని దాని కింద రెండు గీతలు గీసుకుంది.

పడవలుండే చోటు కాలువ వంపుకి అవతల. రైలు దిగినవాళ్లకి కనపడదు. వాళ్లని వ్యానులో తీసుకొస్తామని స్టేషను దగ్గర ఇంగ్లీషులో బోర్డు పెట్టమని యజమానురాలు మదాం జికెల్ కోరంతాన్‌కి పురమాయించింది. మధ్యాహ్నం భోజనం దగ్గర అతను అట్టు తుంచుతూ ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"మిమ్మల్ని వంపు దాటిస్తాం అనడానికి నువ్వైతే ఏమంటావు? ఊరికే, నీకెంత వచ్చిందో చూద్దామని."

"వి డ్రైవ్ యు రౌండ్ ద బెండ్," అంది అర్మెల్ ఆపిల్ సైడర్ గ్లాసులోకి చూస్తూ.

అతను ఒక్కో మాటా నిఘంటువులో చూసుకున్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నీలం రంగుతో పెద్ద అక్షరాల్లో రాశాడు.

శనివారం రైలు దిగిన ఇంగ్లీషువాళ్లు బోర్డు కింద నిలబడి పడీపడీ నవ్వారు, ఫొటోలు దిగారు. తన రాత నచ్చిందనుకుని కోరంతాన్ అందరికీ వంగి నమస్కరించాడు. చివరికి ఒక బట్టతలాయన ఫ్రెంచిలో అడిగాడు. "నిజంగానే పిచ్చెక్కిస్తారా, లేక బోర్డు మీదేనా?"

మదాం జికెల్ ఇద్దర్నీ పిలిపించింది. కొత్త ఉద్యోగం ఊడిందనుకుంటూనే అర్మెల్ జరిగినదంతా చెప్పేసింది.

"బోర్డు చూసి ఎవరైనా వెనక్కి పోయారా?"

"లేదు మేడమ్. పడవలన్నీ అద్దెకి వెళ్లిపోయాయి."

"అయితే ఉండనీ. పడవ పాఠాలు అర్మెల్ చెప్తుంది. కోరంతాన్, నువ్వు జనాన్ని డ్రైవ్ చెయ్యి. వ్యానులో."

కోరంతాన్ రెండు రోజులు అర్మెల్‌ని తప్పించుకు తిరిగాడు. మూడో రోజు రెండు కాఫీలు పట్టుకొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"విమానం నడపడాన్నేమంటారు?"

"ఫ్లై," అంది అర్మెల్. ఈసారి ఉన్నమాటే చెప్పింది.

"ఫ్లై అంటే ఈగ. రెండేళ్లు వంటింట్లో తోలాను, నాకు తెలీదా? మళ్లీ మొదలెట్టావు," అని తన కాఫీ తను తీసుకుని లేచి వెళ్లిపోయాడు.