పెదవులకే దారంతా

కిటికీ అద్దం అవతల ఆకులు కదులుతున్నాయి.

చప్పుడు లేదు. అద్దం మూసి ఉంది. కదలిక ఒక్కటే... ఆ కదలికలోనే గాలి ఎటు వీస్తోందో తెలిసిపోతోంది.

అక్కకు తమ్ముడి మాట ఎప్పుడూ అలాగే తెలిసింది.

చిన్నప్పుడు జ్వరం వచ్చి అక్క చెవులు పోయాయి. అప్పటినుంచి తమ్ముడి పెదవులు చూసి వినేది. వినపడని చెవికి గొంతెందుకని ఆయన గొంతు విప్పడం మానేశాడు. పెదవులతోనే మాట. ఆమెదీ అంతే. ఇద్దరూ పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పుకున్నా పక్కన పడుకున్న పిల్లి లేచేది కాదు.

ఇంట్లో ఆయనకు మౌనస్వామి అని పేరు.

పనిచేసే కలప మిల్లులో మాత్రం ఆయనే మాటకారి. రంపం మోతలో ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు, అక్కడ అందరివీ పెదవుల మాటలే మరి.

అక్క ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. కొండల నడుమ ఊరు. సిగ్నల్ అంటే అక్కడ సన్నటి దారం.

వీడియో కాల్ కలుస్తుంది. ఆయన పెదవి కదుపుతాడు. అంతలో బొమ్మ ఆగిపోతుంది — నోరు సగం తెరుచుకుని. అక్క చూస్తూ ఉంటుంది... బొమ్మ కదిలేసరికి మాట దాటిపోయి ఉంటుంది.

చప్పుళ్ళకు మాత్రం లోటు లేదు. అక్క ఇంట్లో గిన్నెల మోత, వీధిలో కోడిపుంజు కూత, అన్నీ చక్కగా వినపడతాయి.

అక్కకు తప్ప అందరికీ.

ఒక ఉదయం మేనకోడలు ఫోన్ చేసింది.

"అమ్మ ఇంక ఫోన్ ముందు కూర్చోనంటోంది మావయ్యా. 'వాడు నోరు తెరుస్తాడు, మాట మింగేస్తాడు. నా దగ్గర కూడా మౌనస్వామి అయిపోయాడు' అని కళ్ళు తుడుచుకుంటోంది."

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి కిటికీ దగ్గరకు పోయాడు.

ఆయన మాటలన్నీ తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే. ఆ ఒక్కతీ ముఖం తిప్పుకుంది.

ఆయన ఇంటి కోడలు ఆ గ్లాసు చూసింది. టీ మీద మీగడ కట్టింది.

ఆమె ఉద్యోగమే అది — మాటనూ బొమ్మనూ ముక్కలు చేసి, దూరానికి పంపి, అక్కడ అతికించే పద్ధతులను పరీక్షించడం.

"కూర్చోండి మామయ్యగారూ," అంది. "ఇవాళ్టినుంచి నాకు మీరే ఆఫీసు."

ఆయనను కెమెరా ముందు కూర్చోబెట్టింది. ఇంకో ఫోన్ వంటింట్లో పెట్టింది. కొండల్లో ఉన్నట్టే ఉండాలని, కావాలనే సిగ్నల్ దారిని ఇరుకు చేసింది.

మొదటి పద్ధతి చీమల బారు. ఒక్క ముక్క తప్పిపోతే, అది మళ్ళీ వచ్చి చేరేదాకా వెనకవన్నీ ఆగుతాయి. బొమ్మ నిండుగా వచ్చింది. కానీ ఎప్పటికో వచ్చింది.

రెండోది వాన. రాలిపోయిన చినుకు కోసం ఏ చినుకూ ఆగదు. బొమ్మ ఆగలేదు... మసకబారింది. పెదవులు ఉండాల్సిన చోట తడి సున్నం అలికినట్టుంది.

మళ్ళీ మార్చింది. ఇంకోలా మార్చింది. ఆమె అన్నం చల్లారిపోయింది. ఆయన కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. తన కోసం ఒకరు ఇంత ఓపిక పడుతుంటే కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మైకు పోయినట్టుంది," హెడ్‌ఫోన్లు సర్దుకుంటూ కోడలు అంది. "ఫ్యాన్ వినపడుతోంది, మీరు వినపడట్లేదు. ఏదైనా మాట్లాడండి."

తలెత్తి చూసింది.

ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.

పెదవులు కదులుతున్నాయి. గుసగుసైనా లేదు, గొంతు అసలు లేదు.

"మీ అక్కగారితో ఎప్పుడూ ఇంతేనా?"

ఆయన తలూపాడు.

కోడలు నుదురు కొట్టుకుంది. "దారి ఇరుకైతే బొమ్మను వదిలేసి ముందు గొంతును కాపాడతాం. మేమందరం అలాగే కడతాం. అలవాటైపోయి నాకూ తట్టలేదు... లేని గొంతుకు ఇంతసేపూ కాపలా కాశాను."

తర్వాత నవ్వింది.

"అయితే మీ గొంతు కోసెయ్యనా?"

"కోసెయ్యమ్మా," అన్నాడు ఆయన.

మామయ్యగారు జోకు వేశారని ఆమె వారమంతా కనపడిన వాళ్ళందరికీ చెప్పింది.

గొంతు తీసేసింది. రంగులు కూడా అక్కర్లేదంది. వెనక గోడ చెరిపేసింది. మిగిలిన దారంతా పెదవులకే ఇచ్చింది.

సాయంత్రం మేనకోడలు బతిమాలితే అక్క వచ్చి కూర్చుంది. పక్కకు తిరిగి కూర్చుంది.

చూపు తిప్పుకున్న అక్కను ఏమని పిలవాలి? ఎంత గట్టి గొంతైనా అక్కడికి చేరదు.

ఆయన కాచుకున్నాడు.

అక్క ఓరగా చూసింది.

"అలిగావా అక్కా?" అన్నాయి ఆయన పెదవులు.

బొమ్మ ఆగలేదు.

అక్క ఇటు తిరిగింది. ముందుకు వంగింది... ఇంకా వంగింది. ఆమె పెదవులు కదిలాయి —

"ముందు పన్ను ఎప్పుడు ఊడిందిరా?"

"మొన్న వానల్లో."

"అదీ సంగతి. నీ మాటకు కొత్త యాస వచ్చింది."

ఇద్దరూ నవ్వారు. భుజాలు ఊగాయి, అంతే.

తర్వాత ఎన్ని చెప్పుకున్నారో... నేల మీది ఎండ పాకి గోడ మీదికి వచ్చింది, గోడ మీదినుంచీ పోయింది.

కోడలు మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన పనిలో పడింది. ఆయన వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు.

చల్లగా ఉండు తల్లీ, అన్నాడు. మా అక్కను నాకు తెచ్చిచ్చావు, అన్నాడు. ఇంకా ఏవేవో అన్నాడు.

కోడలు గబగబా హెడ్‌ఫోన్లు తీసింది.

"ఏమన్నారు మామయ్యగారూ? వినపడలేదు."

ఆయన ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు...

కోడలు తొందరపెట్టలేదు. గది ఉక్కగా ఉందని లేచి కిటికీ తలుపు తోసింది.

ఆకుల చప్పుడు లోపలికి వచ్చింది —