ఐదో పని

చివరి బెల్ కొట్టేలోపు ఐదు పనులు. ఇన్‌హేలర్ల మీద పేర్లు అంటించాలి. గడువు దాటిన మందులు తీసేయాలి. టీకా కాగితాలు ఆఫీస్‌కి పంపాలి. తలలో పేలున్న పిల్లల ఇళ్ళకు ఉత్తరాలు రాయాలి. రెండో తరగతి మరియం గురించి పిల్లల రక్షణ హాట్‌లైన్‌కి ఫోన్ చేయాలి.

అమెరికాలో, ఆష్‌బర్న్‌లోని ఆ బడిలో నర్సు స్మృతి నాలుగు పనులు చకచకా ముగించి, ఐదోదాని దగ్గర ఆగిపోయింది. కడుపునొప్పని వచ్చిన మరియం పొద్దున చెప్పిన మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది.

"రేపు మా దేశానికి ఫ్లైట్. అక్కడ నన్ను కోస్తారు. హవా అక్కను కోసినప్పుడు నలుగురు పట్టుకున్నారట."

ఆడపిల్ల మర్మాంగం కోయడం ఈ దేశంలో నేరం. కోయించడానికి దేశం దాటించడమూ నేరమే. స్మృతికి ఇదంతా కంఠతా వచ్చు. కానీ ఆమె పెరిగిన ఇంట్లో ఏ గొడవొచ్చినా ముందు పెద్దవాళ్ళ చెవిన వేసి, పరువు పోకుండా సర్దుకోవడమే పద్ధతి. తల్లితో ఒక్క మాట చెబితే పోయేదానికి పోలీసులెందుకు అనుకుంది. తల్లికే ఫోన్ చేసింది.

ఆ ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కనే మరియం బాబాయి ఉన్నాడు.

పావుగంటలో అతను వచ్చి, పిల్లను తీసుకెళ్తున్నట్టు ఆఫీస్‌లో సంతకం పెట్టి, ఆమెను పార్కింగ్‌లోకి ఈడ్చుకెళ్ళాడు. స్మృతి వెంటపడింది.

"మాత్రలిచ్చే దానివి, మాత్రలిచ్చుకో. మా ఇంటి సంగతి నీకెందుకు?" అని అతను ఆమెను ఒక్క తోపు తోశాడు. తారు మీద పడి మోచేతులు చీరుకుపోయాయి. స్మృతి అక్కడి నుంచే స్కూల్ పోలీసు తేజేశ్వర్‌ను కేకేసింది.

ఈలోగా తల్లి దొంగచాటుగా పెట్టిన మెసేజ్ చూసి, ఎదురుగా తను పనిచేసే ఫార్మసీ నుంచి పంతొమ్మిదేళ్ళ హవా పరుగెత్తుకొచ్చింది. మూసుకుంటున్న కారు తలుపులో కుడిచెయ్యి పెట్టింది. అతను ఆగలేదు. ఎముక విరిగిన చప్పుడు స్మృతికి వినబడింది.

"చెయ్యి తియ్యవే!"

"తియ్యను. అప్పుడు నన్ను పట్టుకోవడానికి నలుగురు కావలసొచ్చింది బాబాయ్. ఇవాళ నువ్వొక్కడివే."

అతను తలుపు తెరిచి మళ్ళీ బాదాడు. మళ్ళీ బాదాడు. కడుపులో తన్నాడు. ముఖం మీద గుద్దితే మూతి పగిలింది, పళ్ళు రాలాయి. లోపల మరియం అరుస్తూనే ఉంది. రక్తం కారి కారు మెట్టు మీద మడుగు కట్టినా హవా చెయ్యి మాత్రం తియ్యలేదు. తేజేశ్వర్ వచ్చి అతన్ని నేలకేసి అదిమి, బేడీలు వేసేదాకా తియ్యలేదు.

అంబులెన్స్ వెళ్ళాక తేజేశ్వర్ అడిగాడు. "అక్కా, ముందెవరికి చెప్పావ్?"

"వాళ్ళమ్మకి."

"పెళ్ళి సంబంధమా, ముందు అమ్మకి చెప్పడానికి?"

స్మృతి ఫోన్ తీసింది. ఐదో పని అప్పుడు చేసింది.

మరియం ఫ్లైట్ ఎక్కలేదు. ఆస్పత్రిలో హవా కుడిచేతికి రెండు వేళ్ళు తీసేశారు. కోర్టులో ప్రమాణం చేయమంటే ఆ మూడు వేళ్ళ చెయ్యే పైకెత్తింది. బాబాయి తల దించుకున్నాడు. చెల్లెలి పేరు బయటికి రాకూడదని కేసు కాగితాల్లో అక్క పేరూ దాచారు. ఇక్కడివీ మార్చిన పేర్లే. అందుకే అడుగుతున్నాను, మీరు హవాను గుర్తుపెట్టుకోండి.