వాలుగ నోట్లోంచి

మొరావా నది పక్కన మా ఫ్యాక్టరీలో ఫైబర్‌గ్లాసు పడవలు తయారయ్యేవి. వాటిని అద్దంలా నునుపు చేయడం నా పని. ఆ వేసవిలో ఊరి ఈతకొలను వాళ్లు పిల్లలకో జారుడుబల్ల కావాలన్నారు. దాని రూపం చూడమని బ్ర్నో నగరం నుంచి యిత్కా అనే శిల్పిని పిలిపించారు. ఆమె ప్లాస్టరుతో పెద్ద వాలుగ చేపను చేసింది. తోక దగ్గర మెట్లెక్కి, పొట్టలోంచి జారి, నోట్లోంచి బయటపడాలి.

అచ్చులు తీసే మేస్త్రీ ఓతకర్ దాని చుట్టూ తిరిగి తల పట్టుకున్నాడు.

"ఈ మీసాలుంటే అచ్చు ఊడి రాదమ్మా. పగలగొట్టి తియ్యాలి. మరి ఇంకో ఊరు అడిగితే రెండో చేప ఎట్లా?"

"మీసం లేకపోతే అది వాలుగెట్లా అవుతుంది మేస్త్రీ?"

"ఆ మాట మా ఆవిడకి చెప్పు. పోయిన నెలే నాది గొరిగించింది!"

వాళ్లు రోజుల తరబడి పోట్లాడుకున్నారు. చివరికి ఓతకర్ పడవల కమ్మీల కోసం ఉంచిన ఉక్కు గొట్టం తెచ్చి, అచ్చుతో పనిలేకుండా విడిగా బిగించేలా మీసంలా వంచి, మెట్ల దాకా వెనక్కి సాగదీశాడు. అటు చూస్తే మీసం, ఇటు చూస్తే పిల్లలు పట్టుకునే కమ్మీ. యిత్కా అతని బట్టతల మీద ముద్దు పెట్టింది. ఆ రోజంతా అతను టోపీ పెట్టుకోలేదు.

మొదటి చేపను పడవలు పరీక్షించే మా చెరువు గట్టున నిలబెట్టాం. చూసి ఒప్పుకోవడానికి పెద్దలొచ్చారు. కళాశాఖ డాక్టర్ జెలింకా కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"శిల్పం మీద కూర్చుంటారా? ఇది శిల్పం కాదు."

భద్రతాధికారి తల అడ్డంగా ఊపాడు. "జారుడుబల్లకి కళ్లేమిటి? ఇది జారుడుబల్లా కాదు."

"మరేమిటయ్యా ఇది?" అని విసుక్కున్నాడు మా డైరెక్టర్ సౌకుప్. మనిషి భారీ, మెడకు టై. "చూద్దాం" అని మెట్లెక్కి కూర్చున్నాడు.

దాన్ని నునుపు చేసింది మేం. పడవ పొట్టను రుద్దినట్టే రుద్దాం. డైరెక్టర్ వాలుగ పొట్టలో మాయమయ్యాడు. "ఓయ్!" అన్న కేక లోపలే గుండ్రంగా తిరిగింది. మరుక్షణం ఆయన నోట్లోంచి దూసుకొచ్చి, గాలిలో కాళ్లు ఆడించి, చెరువు నడుమ దభేలుమని పడ్డాడు.

నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

నీళ్లలోంచి ముందు టై తేలింది. తర్వాత తల.

"కామ్రేడ్స్," అన్నాడు నీళ్లు ఉమ్ముతూ, "ఇంకోసారి చూడాలి. సరిగా అర్థం కాలేదు."

అంతే! భద్రతాధికారి బూట్లు విప్పాడు. ఫ్యాక్టరీ వంటగది ఆడవాళ్లు ప్లమ్ పండ్ల బన్నుల తట్ట గట్టున పడేసి పరిగెత్తారు. జెలింకా సూటుతోనే జారాడు. మళ్లీ ఎక్కాడు. మళ్లీ.

యిత్కా మాత్రం వాలుగ నోటి పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, లోపలికి తొంగి జారే ప్రతి మనిషినీ చూస్తోంది. "అందరూ వంపులో ఎడమకే ఒరుగుతున్నారు! గోడ ఇక్కడ కాస్త ఎత్తుగా ఉండాలి. కింద కాస్త గరుకుగా కావాలి."

ఓతకర్ ఆమె చేతి పక్కన చెయ్యి పెట్టి తడిమాడు. "రెండు వేళ్లు ఎత్తు పెంచుదాం. అచ్చు కూడా హాయిగా ఊడొస్తుంది."

"అందం పెరుగుతుందా, తగ్గుతుందా?"

"పక్కకి జరగవమ్మా," అన్నాడతను బూట్లు విప్పుతూ. "జారి చూసి చెప్తాను."