ఇస్త్రీ గిన్నెలో నీళ్లు

దర్జీ పనిలో ఒక సుఖం ఉంది. బట్ట వదులైతే కుట్టు వేస్తే సరి, ఎందుకు వదులైందని ఎవరూ అడగరు. ఈ దర్జీ కూడా అడగలేదు. మూడో తరగతి చదివే కూతురి స్కూలు గౌను జారిపోతుంటే నడుము దగ్గర లోపలికి పట్టి కుట్టేశాడు. కొన్నాళ్లకే అది మళ్లీ వదులైంది. మళ్లీ కుట్టాడు.

"తింటోంది, తాగుతోంది, అయినా ఎముకల గూడైపోతోంది. నాకు భయంగా ఉందండీ, డాక్టరుకి చూపిద్దాం," అంది గుండీలు కుడుతున్న భార్య.

"పొడుగవుతోందిలే. ఈ యూనిఫారాలు ఇచ్చేశాక చూద్దాం," అన్నాడతను.

ఆ పిల్లను ఇంట్లో వసపిట్ట అంటారు. ఒకప్పుడు దాని నోటికి తాళం వేసినవాడు లేడు. ఇప్పుడేమో బడి నుంచి రాగానే కత్తిరింపు బల్ల కింద, పీలికల గుట్ట మీద వాలిపోతోంది. ఇన్నాళ్లకు మిషను చప్పుడు వినపడుతోందని తండ్రి వేళాకోళం చేశాడు. నవ్వే విషయమా అది?

నాయనమ్మ బాధ వేరు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం పిల్ల మళ్లీ మొదలుపెట్టింది.

"ఇంత పిల్లవి, సిగ్గు లేదటే? కడివెడు నీళ్లు తాగితే తడపక ఏం చేస్తావు?" అని తిట్టి, బిందెను అందనంత ఎత్తులో పెట్టింది. పొద్దు వాలాక చుక్క ముట్టుకోవద్దంది. ఆవిడ చెడ్డది కాదు. మనవరాలు నలుగురిలో నవ్వులపాలవుతుందని ఆవిడ భయం. మన ఇళ్లలో పిల్లలకు జరిగే చాలా అన్యాయాలకు మూలం ఇలాంటి ప్రేమే.

ఇంటి ముందరి దుకాణంలో మరో వింత మొదలైంది. ఇస్త్రీకి ముందు బట్టల మీద చిలకరించే నీళ్ల గిన్నె రోజూ ఖాళీ అవుతోంది. భార్య నింపడం మరిచిందని దర్జీ విసుక్కునేవాడు.

ఆ మధ్యాహ్నం అతను దారపు ఉండ కోసం వంగి బల్ల కిందికి చూశాడు. నూలుపోగులు తేలే ఆ మురికి నీళ్ల గిన్నెను కూతురు రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగుతోంది. తండ్రిని చూసి గిన్నెను వెనక్కి దాచుకుంది.

"నాన్నా, నాయనమ్మకి చెప్పకు. ఇంకెప్పుడూ తాగను."

అంటూనే వాంతి చేసుకుంది. ఒగరుస్తోంది, కళ్లు మూతలు పడుతున్నాయి. ఊపిరి మాగిపోయిన పండు వాసన వేస్తోంది. బిడ్డను ఎత్తుకుంటే, తాను రెండుసార్లు బిగించిన గౌను కూడా వదులుగా ఉంది. చెప్పులు లేకుండానే ఆసుపత్రికి పరుగెత్తాడు. వెనకే భార్య, తల్లి.

పిల్ల వేలి కొసన రక్తపు చుక్క తీసి చూడగానే డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "షుగరు. చాలా ఎక్కువగా ఉంది."

"చిన్నపిల్లకి షుగరేంటమ్మా? మిఠాయిలు కూడా పెద్దగా తినదే!" అంది నాయనమ్మ.

"మిఠాయిలతో వచ్చేది కాదిది, ఎవరి తప్పూ కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోతుంది. చక్కెర మూత్రంలో పోతూ నీళ్లను కూడా లాక్కుపోతుంది. అందుకే ఆ దాహం. అలాంటప్పుడు నీళ్లు ఆపితే..."

నాయనమ్మ మంచం కమ్మీ పట్టుకుని అలాగే కూలబడింది.

సెలైను చుక్కలు చూస్తూ ముగ్గురూ బతికుండగానే చచ్చారు. చివరికి వసపిట్ట కళ్లు తెరిచింది. అమ్మను చూడలేదు, నాన్నను చూడలేదు. బెదురుగా నాయనమ్మను చూసింది.

"నాయనమ్మా, కొంచెం నీళ్లు తాగొచ్చా?"

ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది.

సూదులతో బతికే ఇల్లది. అయినా కూతురికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేటప్పుడు దర్జీ సూదిని రెండుసార్లు వెనక్కి తీశాడు. ఇప్పుడు ఎవరైనా పిల్లల బట్టలు బిగించమని తెస్తే, టేపు తీయకముందే అడుగుతాడు: "దాహం ఎక్కువగా ఉంటోందా అమ్మా? మాటిమాటికీ ఒంటేలుకి వెళ్తోందా? ఊరికే నీరసపడుతోందా?" దర్జీకి వైద్యం ఎందుకని కొందరు నవ్వుతారు. అతనికి కోపం రాదు.

"ఇవి కనిపిస్తే తిట్టకండి, నీళ్లు దాచకండి. ముందు వేలి కొసన రక్తపు చుక్కతో షుగరు పరీక్ష ఇవాళే చేయించండి, కుట్టు రేపు వేస్తాను," అంటాడు.