పన్నెండో ప్రశ్న, మూడో వృత్తం

నేను ఒక నకలును. పోటీ పరీక్షల్లో వృత్తాలు దిద్దే ఓఎంఆర్ షీటు ఉంటుంది చూడండీ, దాని అడుగున అతుక్కుని ఉండే పలచటి కాగితాన్ని. పైన పెన్ను ఎక్కడ నొక్కితే నాకక్కడ మచ్చ పడుతుంది. అసలు షీటు దర్జాగా యంత్రం దగ్గరికి వెళ్తుంది. నన్ను చింపి అభ్యర్థి చేతిలో పెడతారు. ఇంటికెళ్లి ఏడవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా!

నేను ఢిల్లీశ్వరి వంతుకు వచ్చాను. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి. పని చేసుకుంటూనే ప్రైవేటుగా డిగ్రీ కట్టి పాసయింది. హాస్టల్ వార్డెన్ ఉద్యోగానికి వయసు రీత్యా ఆమెకిదే ఆఖరి పరీక్ష. ఈసారి తప్పితే బతుకంతా ఆ పిక్కల ముందే. గేటు దగ్గర మూడుసార్లు వేలు పెట్టినా ముద్ర పడలేదు. జీడి నూనె ఆమె వేళ్ల గీతల్ని ఎప్పుడో తినేసింది. చివరికి సంతకం పెట్టించుకుని లోపలికి పంపారు.

తెలుగు విభాగంలో ఒక గద్యం ఇచ్చి ప్రశ్నలడిగారు. తలరాత చూడండి, అది జీడి కార్మికుల మీదే. ఎవరో పెద్దమనిషి ఫ్యాను కింద కూర్చుని రాసి ఉంటాడు. అవగాహన లేకే కార్మికులు చేతి తొడుగులు వాడరని అందులో ఉంది. వాడకపోవడానికి కారణమేమిటని పన్నెండో ప్రశ్న. రెండో సమాధానం అవగాహన లేకపోవడం. మూడోది యాజమాన్యం ఇవ్వకపోవడం.

మీకు తెలిసింది కాదు, గద్యంలో ఉన్నదే దిద్దండని కోచింగ్ మాస్టారు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడట. ఆమెకది గుర్తుంది. పెన్ను రెండో వృత్తం మీద చాలాసేపు ఆగింది.

"తొడుగులు అడిగినందుకే నన్ను మూడు రోజులు పన్లోంచి ఆపీసినారు. మాకు తెలీదని నా చేత్తో నానెలగ దిద్దను?" అని గొణుక్కుంది.

మూడోది దిద్దింది. ఎంత గట్టిగా నొక్కిందంటే నాకు చిల్లు పడింది.

జవాబుల కీలో రెండు అని వచ్చింది. ఆమె అభ్యంతరం పెట్టింది. ఆధారం జతచేయమంటే నెట్ సెంటర్లో తన రెండు అరచేతులనూ ఫోటో తీయించి పెట్టింది. గద్యం ప్రకారం రెండే సరైనదని ఒక్క వాక్యంలో జవాబొచ్చింది. ఒక్క మార్కులో ఉద్యోగం పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. కాగితం కోపం ఎవరికి కావాలి?

ఇప్పుడు రేషన్ కార్డు కవర్లో ఉంటున్నాను. మొన్న ఆదివారం ఆమె కూతురు తనూజ గురుకులం ప్రవేశ పరీక్షకు నమూనా పేపరు చేస్తోంది. పేద పిల్లలు బడి మానేయడానికి తల్లిదండ్రుల నిర్లక్ష్యమే కారణమని గద్యంలో ఉందట. నువ్వు నన్ను ఒక్కరోజైనా మానిపించలేదు గదమ్మా, మరి ఏది దిద్దాలని అడిగింది.

ఢిల్లీశ్వరి కవర్లోంచి నన్ను తీసి, నా చిల్లు మీద వేలు పెట్టింది.

"అక్కడేటుందో అదే దిద్దు. మనకి తెలిసింది ఒగ్గీ," అంది.

పిల్ల తల వంచుకుని, తల్లిదండ్రుల నిర్లక్ష్యం అన్న వృత్తాన్ని నల్లగా దిద్దింది. వెనక పేజీలోని కీ ప్రకారం మార్కు వచ్చింది.