బొడ్రాయి తీసిన గుంత

మా ఊరు ఎక్కడ మొదలైందని అడిగితే ఎవరైనా మా ఇంటి ముందున్న బొడ్రాయినే చూపించేవాళ్లు. ఊరు కట్టిన నాడు నడిమధ్య పాతిన రాయి అది. తర్వాత ఊరు వెనక్కి జరిగింది, మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డు ముందుకొచ్చింది. రాయి మాత్రం పంచాయతీ వాళ్లు పెట్టిన నీలం బోర్డు పక్కన, పసుపు పూసుకుని అక్కడే ఉండేది. దాని వెనకే నేనూ అమ్మా ఉండే రెండు గదుల ఇల్లు.

రోడ్డు వెడల్పు చేస్తామని మా గోడ మీద ఎర్రగీత గీశారు. ఇంటికి పట్టా లేదు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ప్రభాకర్ సార్ మా కోసం ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. చివరికి పురావస్తు వాళ్లు సోమవారం వచ్చి చూస్తామన్నారు. రాయి పాతదని తేలితే రోడ్డును అవతల రిసార్టు గోడ వైపు జరుపుతారట. రిసార్టు గోడకు గీత పడుతుందంటే నాకు నమ్మకం లేదు, అయినా ఆశపడ్డాను.

శనివారం చందనవెల్లి కంపెనీలో డ్యూటీ దిగి బస్సెక్కానో లేదో పట్నం నుంచి సార్ ఫోన్ చేశారు.

"పూజితా, ఊరోళ్లు రాయిని తీసి దాస్తరంట. అస్సలు ముట్టనియ్యకు. కదిలితే మన పని ఖతం."

అమ్మకు చేస్తే ఎత్తలేదు. ఊరి పూజలు చేసే సంగయ్య తాతా ఎత్తలేదు.

బస్సు దిగేసరికి ఊరి మొదట్లో వేపమండలు కట్టి ఉన్నాయి, డప్పులు మోగుతున్నాయి. పొలిమేర కట్టేశారు. బొడ్రాయి పని జరుగుతున్నంతసేపు ఊళ్లోవాళ్లు బయటికి పోకూడదు, బయటున్నవాళ్లు లోపలికి రాకూడదు. ఫోన్లో మాట కూడా బయటి మాటే. కాపలా కూర్చున్న బాలనర్సమ్మ పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు బిడ్డ. కట్టు దాటితే ఊరికి కీడు."

"రాయిని తియ్యద్దని చెప్పు పెద్దమ్మా! తీస్తే ఇల్లు పోతది!"

"తియ్యకుంటే మిషినొచ్చి పలగ్గొడ్తది. మీ అమ్మనే అందర్ని బతిమాలి తీపిస్తున్నది. నువ్వేం ఫికర్ జెయ్యకు."

నా పక్కనుంచే కార్లు ఫాంహౌసులకు దూసుకుపోతున్నాయి. వాళ్లకు ఏ కట్టూ లేదు. ఊళ్లో పుట్టిన నాకే ఉంది. ఒళ్లు మండి గొంతు చించుకుని అరిచాను. ఆ డప్పుల్లో ఎవరికి వినపడుతుంది? నలుగురు మగవాళ్లు గడ్డపారలతో రాయిని పెకిలిస్తుంటే దూరం నుంచి చూస్తూ నిలబడ్డాను. పెద్దమ్మను తోసేసి ఉరకాలనిపించింది. వేపమండల దాకా పోయి ఆగిపోయాను. ఆ కీడంటే నాకూ భయమే.

సోమవారం పురావస్తు మేడం ప్రవీణ వచ్చింది. అమ్మ ఎదురెళ్లి, కొత్త చీరలో చుట్టి బియ్యం మీద పడుకోబెట్టిన రాయిని చూపించింది.

"చూడు బిడ్డా, గీత గూడ పడనియ్యలే."

మేడం రాయిని చూసింది, బయటికెళ్లి గుంతను చూసింది. అంచున మట్టిని చేత్తో తీసి చూసింది.

"అవ్వా, రాయి పాతదే కావచ్చు. అది ఎంత లోతులో, ఏ మట్టిలో నిలబడిందో చూస్తేనే ఊరు ఎప్పటిదో చెప్పగలను. ఆ మట్టంతా తవ్వి కలిపేశారు. ఇప్పుడు నేనేం రాసినా నిలవదు."

"గంతేగద? మల్ల అండ్లనే పెట్టిస్త."

"పెట్టొచ్చు అవ్వా. కానీ అది ఈరోజు పెట్టిన రాయి అవుతుంది."

అమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆ రోజు నుంచి ఆమె సరిగ్గా ముద్ద మింగలేదు. అమ్మను తిట్టి ఉంటే నాకైనా బాగుండేది, తిట్టడానికి నాకు నోరు రాలేదు.

మిషన్ వచ్చిన పొద్దున అమ్మ మంచంలో లేదు. ఒళ్లంతా పసుపు పూసుకుని గుంతలో కూర్చుని ఉంది.

"ఈ ఇంటికొచ్చినకాన్నుంచి నేనేడికి కదల్లే. ఆ మేడంను నన్ను జూసి రాసుకోమను."

డ్రైవరు మిషన్ ఆపేశాడు. సూపర్‌వైజర్ నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"మీరు తీస్తరా అక్కా, పోలీసులను పిలవాల్నా?"

గుంతలోకి దిగాను. అమ్మ రెండు చేతులా మట్టిని పట్టుకుంది. వేళ్లు ఒక్కొక్కటే విడిపించాను. "వద్దు బిడ్డ, వద్దు" అంటూనే ఉంది.

రాయిని లేపడానికి నలుగురు మగవాళ్లు కావాల్సి వచ్చింది. అమ్మను లేపడానికి నేనొక్కదాన్నే సరిపోయాను.