బానెట్ మీద దిక్సూచి

వంతెన దగ్గర ఫిరంగి గుండు పడి కాపలా సైనికుడు చనిపోయాడు. అతను కమాండర్‌కు సొంత తమ్ముడు.

వంతెన నుంచి చూస్తే పక్కపక్కనే రెండు కొండలు. ఒకటి కమాండర్‌ది, రెండోది ఎదుటి పక్షానిది. పొగమంచులో రెండూ కనిపించడం లేదు. గుండు తవ్విన గుంటను కొలిచి, అది ఎటు నుంచి వచ్చిందో చెప్పడం శాంతి పరిశీలకుడిగా నా పని. మాకు తుపాకులుండవు. దిక్సూచి, టేపు, మ్యాపు, అంతే. కొలిచి, ఎదుటి కొండే అన్నాను. పన్నెండింటికి ఆ కొండ మీద, దాని కింది ఊరి మీద గుండ్ల వర్షం కురిపిస్తానన్నాడు కమాండర్.

జీపు ఎక్కబోతుంటే, మేమంతా మావయ్యా అని పిలిచే డ్రైవర్ గొణిగాడు.

"దిక్సూచి బానెట్ మీద పెట్టి చూశారేంటి సార్?"

నిజమే. శవాన్ని చూసి చేతులు వణుకుతుంటే బానెట్‌కు ఆనించాను. ఇనుము దగ్గర ముల్లు పక్కకు తిరుగుతుందని కొత్తవాళ్లకు పాఠం చెప్పేది నేనే! చెప్పేవి శ్రీరంగనీతులు.

జీపుకు దూరంగా వెళ్లి మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ కమాండర్ కొండే తేలింది. టైము పదకొండూ నలభై.

"రేడియోలో చెప్పేయండి సార్. ఎదురుగా వెళ్తే కాల్చిపారేస్తాడు."

"రేడియోలో చెబితే నమ్మడు మావయ్యా."

వంతెన పక్క గుడారంలో తమ్ముడి శవం పక్కనే కూర్చున్నాడు కమాండర్. నాకు నిజంగా భయం వేసింది.

"నేను తప్పు కొలిచాను. కాల్పులు ఆపండి" అన్నాను.

ఆయన పిస్తోలు నా ఛాతీకి ఆనించాడు. "ఇందాక ఒక మాట, ఇప్పుడొక మాట. నిన్నెవడు కొన్నాడు?"

"ఎవరూ కొనలేదు. దిక్సూచి జీపు మీద పెట్టాను, బుద్ధిలేక. మీరూ ఫిరంగులు నడిపినవారే. మీరే వచ్చి కొలవండి."

వచ్చాడు. గుంట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని కొలిచాడు, మ్యాపు మీద గీత గీశాడు. మళ్లీ కొలిచాడు. పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా రేడియో తీసి, "ఎవరూ పేల్చొద్దు" అన్నాడు.

గుంటలోని మట్టిని చేత్తో తడిమాడు.

"పొద్దున ఫిరంగి సరిచూడ్డానికి ఒక్క గుండు పేల్చమన్నాను. లోయలో పడిందనుకున్నా." తలెత్తి నా వైపు చూశాడు. "ఇది కూడా రాస్తారా?"

"రాయాలి సార్. నా తప్పు కూడా రాస్తాను."

"రాయండి. ఒక కాపీ నాకివ్వండి. మా అమ్మకి నా నోటితో చెప్పలేను."